మన ఫోనులో గోరంత చిప్పు - వెనుక కొండంత కథ

సోదరులారా! సెలవు రోజు వస్తే క్యాంపులో ఏ మంచం మీద చూసినా చెవి దగ్గర ఫోనే. ఇంటివాళ్ళ గొంతు వినందే మనకు ముద్ద దిగదు. మేము ఆఫీసులో కాగితాలు రాసుకునే గుమాస్తాలం, చదివింది ఇంటరే. అయినా ఆ మాటను మోసే చిప్పు గురించి మాకు తెలిసినంత చెబుతాం.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఫ్రిస్కో అని ఒక ఊరు. మన తెలుగువాళ్ళు చాలామంది అక్కడ స్థిరపడ్డారు. అక్కడికి దక్షిణాన, కారులో అరగంట దూరంలో, డాలస్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ప్రధాన కార్యాలయం ఉంది.

1958 వేసవిలో ఆ కంపెనీలో అందరూ సెలవు మీద వెళ్ళారు. కొత్తగా చేరిన జాక్ కిల్బీకి మాత్రం సెలవు లేదు. మనలాగే! ఒంటరిగా కూర్చుని, విడివిడిగా అతికించే భాగాలన్నీ ఒకే ముక్క మీద చేయవచ్చని కనిపెట్టాడు. సెప్టెంబరు 12న చేసి చూపించాడు. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మనం మాట్లాడితే ఫోనులోని చిప్పు ఆ మాటను అంకెలుగా మారుస్తుంది. అవి రేడియో తరంగాల మీద టవరుకు చేరతాయి. ఒకప్పుడు మనందరి చేతుల్లో ఉన్న నోకియా ఫోన్లలో చాలావాటికి చిప్పులు ఇచ్చింది ఈ కంపెనీయే.

తర్వాత కాలం మారింది. ఆపిల్, శామ్‌సంగ్ సొంత చిప్పులు చేసుకోసాగాయి. క్వాల్‌కామ్ పోటీ పెరిగింది. 2012 నవంబరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సెల్‌ఫోన్ ప్రాసెసర్ల నుంచి తప్పుకుంటూ, సుమారు 1,700 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. పని పోయే భయం పార పట్టినవాడికే కాదు, ఏసీ గదిలో కూర్చునేవాడికీ ఉంటుందన్నమాట.

కానీ కంపెనీ మూతపడలేదు. కరెంటును అదుపు చేసే చిప్పులు, కార్లకూ ఫ్యాక్టరీ యంత్రాలకూ కావలసిన చిప్పులు దానికి ముందే చేతనవును. వాటి మీదే నిలబడింది. ఫ్రిస్కోకు ఉత్తరాన షెర్మన్‌లో 2022లో మొదలుపెట్టిన కొత్త ఫ్యాక్టరీలో 2025లో ఉత్పత్తి ప్రారంభమైంది. చిప్పు మీద దుమ్ము కణం పడినా పనికిరాదు. అందుకే అక్కడ గాలి శుభ్రం చేసే యంత్రాలు, పైపులు, వైరింగు చూసే పనివాళ్ళూ ముఖ్యమే.

సోదరులారా, మేము చెప్పేది ఒకటే. ఒక్క పని మీదే ఆధారపడకండి. ఏసీ మెకానిక్ పనో, వైరింగో, పక్క మంచం అన్నకు వచ్చిన పని ఏదైనా సరే, అడిగి నేర్చుకోండి.

మరొక మాట. "అమెరికా చిప్పు కంపెనీలో పని ఇప్పిస్తా, డబ్బు కట్టు" అని ఏజెంటు ఎవరైనా వస్తే నమ్మకండి. అక్కడి హెచ్-1బి వీసాకు మామూలుగా డిగ్రీ చదువు ఉండాలి, దరఖాస్తు పెట్టవలసింది కంపెనీయే. చెమటోడ్చి దాచుకున్న సొమ్ము ఇంటికే చేరాలి.