డ్రిల్లు మాస్టారు... రహీం సాబ్!

మా అశోక్‌నగర్‌లో కోచింగ్ అంటే ఒకటే అర్థం... గ్రూప్స్, సివిల్స్! గోడలనిండా ఆ ప్రకటనలే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పొద్దున్నే పుస్తకాల సంచులతో కనిపించే పిల్లల్ని 'మీ కోచ్ ఎవరు బాబూ?' అని అడిగి చూడండి. ఏదో ఒక సెంటరు పేరు చెప్తారు.

ఆటల కోచ్ అంటే మాత్రం మన ఇళ్లలో ఇంకా ఈల ఊదే డ్రిల్లు మాస్టారే. పరీక్షలు దగ్గరపడగానే ముందు ఎగిరిపోయేది ఆయన పీరియడే కదా! మా పక్కింటి అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూలు టీములో ఫుట్‌బాల్ ఆడుతుంది. ఈ ఏడు మానిపించేద్దామని వాళ్లమ్మ ఆలోచన.

"ఆటల సార్ మాట నమ్మి కూసుంటే ఏమొస్తదక్కా? పొద్దుగూకినంక ఆడపిల్ల ఒక్కతే ఎట్లొస్తది ఇంటికి?" అంది నాతో.

ఆ బెంగను తేలిగ్గా తీసేయలేం. కానీ ఆ మాట వినగానే నాకో మాస్టారు గుర్తొచ్చారు. నారాయణగూడ వై.ఎం.సి.ఏ. దాటి బర్కత్‌పురా మీదుగా వెళ్తే కాచిగూడ ఎంత దూరం? అక్కడి మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పినాయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

1909లో హైదరాబాద్‌లోనే పుట్టారు. ఉస్మానియాలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఆడారు. తర్వాత పంతులు ఉద్యోగం... కాచిగూడ, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ స్కూళ్లలో. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి, చివరి రెండు స్కూళ్లలో ఆటల బాధ్యత చూసుకున్నారు. అంటే అచ్చంగా మన డ్రిల్లు మాస్టారే! ఆయనే 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎగరేసుకొచ్చింది.

పాఠం చెప్పడం వచ్చినవాడు కాబట్టే ఆయన పద్ధతులు కూడా పంతులు పద్ధతుల్లాగే ఉండేవి. బంతిని తనే నడిపించుకుంటూ పోవడం కుదరని పోటీలు పెట్టేవారు. ఎవరైనా సరే, కాలికి అందిన బంతిని వెంటనే పక్కవాడికి ఇచ్చేయాల్సిందే. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే ఆడాలని ఇంకో పోటీ. ఎడంచేత్తో గరిటె తిప్పితే మనకెలా ఉంటుందో ఊహించుకోండి! ఐదడుగులకు మించని పిల్లలకు విడిగా ఓ టోర్నమెంటు. పొట్టిగా ఉన్నాడని ఏ పిల్లాడూ గట్టుమీదే కూచుండిపోకూడదు మరి.

నన్ను అన్నిటికన్నా కదిలించింది మాత్రం ఒక రూపాయి కథ. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అని ఓ పేదింటి కుర్రాడు. ఆట చూసి రహీం సాబ్ ప్రాక్టీసుకు రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి డబ్బులెక్కడివి? ఆ కుర్రాడు ఆ మాటే చెప్తే, సైకిలు అద్దెకు రోజుకో రూపాయి ఆయనే ఇచ్చారు. పిల్లాడి కాళ్లలో ఆట ఉందని చాలామంది కోచ్‌లు కనిపెడతారు. ఆ కాళ్లు మైదానం దాకా ఎలా వస్తాయో ఆలోచించేవాళ్లు ఎంతమంది చెప్పండి? 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో ఆ కుర్రాడున్నాడు.

ఈ సంగతి మా పక్కింటావిడకు చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే సార్‌నే అడుగుతా, పిల్ల ఇంటికొచ్చుడు సంగతి ఏం చేస్తడో" అంది. అడిగింది కూడా. చీకటి పడకముందే వదిలేస్తానన్నాడట ఆయన. టెన్తులో ఆడనిస్తుందా లేదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

రహీం సాబ్‌కూ అన్నీ గెలుపులే కాదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన మరుసటి ఏడే, హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది మన జట్టు. అప్పటికి మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడేవారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్‌కు చేరారు. ఆసియా దేశమేదీ అంతకుముందు అక్కడిదాకా వెళ్లలేదు. చివరికి నాలుగో స్థానం దక్కింది.

1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం ఉన్నాడు. కానీ ఒక్క మ్యాచ్‌లోనూ బరిలోకి దిగలేదు. తండ్రే కోచ్... ఇంట్లో ఆ తల్లికి ఎలా ఉండి ఉంటుందో!

1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడే ఆ మనిషిని రహీం సాబ్ ముందుకు పంపి, గోల్స్ కొట్టే పని అప్పగించారు. ఫైనల్లో ప్రేక్షకులు మనవాళ్లను గేలి చేస్తూనే ఉన్నారు. అయినా దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం అందుకున్నారు. పి.కె. బెనర్జీది ఒక గోలు, తలకు కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్‌ది ఒకటి. ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో.

ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా 2024లో వచ్చింది. అజయ్ దేవగణ్ రహీం సాబ్, భార్యగా ప్రియమణి. చూడకపోతే చూడండి. హకీం 2021లో, రూపాయి సైకిలు బలరాం 2023లో చనిపోయారు. ఆ సినిమా తెరమీదికొచ్చేసరికి ఇద్దరూ లేరు.