సాలవనములు – తొలుచు పురుగు

శ్రీరామచంద్రుడు సుగ్రీవునకు నమ్మకము కలిగించుటకై ఒక్క బాణముతో ఏడు సాలవృక్షములను భేదించిన కథ మీరు వినియే యుందురు. అట్టి చెట్టును ఒక్కదానిని గొడ్డలితో కూల్చుటకే బలవంతుడైన మనుష్యునకు చాల సేపు పట్టును. అయినను ఆ చెట్లను లక్షలకొలదిగా లోలోపలనే తొలిచి చంపగల పురుగు ఒకటి కలదు. అది రామబాణమువలె వేగముగా పోదు. మెల్లగా, నెలల తరబడి, కంటికి కనబడకుండ పని చేయును.

మొదట చెట్టును గూర్చి కొంత చెప్పవలెను. మన నిఘంటువులలో కొన్నింట 'సాలము' అనగా మద్ది అని వ్రాసియుండుటచే పద్యములు చదువు విద్యార్థులు తఱచు మద్దిచెట్టునే తలంచుచుందురు. వృక్షశాస్త్రజ్ఞులు సాలమనునది మద్ది కాదు. ధూపము వేయుటకు వాడు గుగ్గిలము ఏ చెట్టునుండి కాఱునో ఆ చెట్టే సాలము. కావున గుగ్గిలపు చెట్టు అని పిలుచుకొనుటయే మనకు మేలు. హిమాలయముల పాదభూములు మొదలుకొని జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ రాష్ట్రములలో ఇది విస్తారమైన వనములుగా పెరుగుచున్నది. ఆంధ్రప్రదేశ్ ఉత్తరపు కొసను, ఒడిశా సరిహద్దు కొండలలో, కొద్దిగా కలదు. దీని కఱ్ఱ మిక్కిలి గట్టిది. రైలుపట్టాల క్రింద వేయు దిమ్మెలకు ఒకప్పుడు దీనిని విరివిగా వాడిరి. ఆకులతో విస్తళ్లు కుట్టుదురు; గింజలనుండి నూనె తీయుదురు. గోండులు, బైగాలు మొదలగు గిరిజనులకు ఇది అన్నము పెట్టు చెట్టు. రాలిన గింజ వారము పది దినములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. అందువలన టేకువలె నారు పోసి తోటలు పెంచుట దీని విషయమున సులభము కాదు. తానై పెరిగిన వనము నశించినచో దానిని మరల చూచుటకు కొన్ని తరములు పట్టును.

ఇక పురుగు సంగతి. ఇది పెంకుపురుగుల జాతిలోనిది. ముదురు గోధుమవన్నె కలది. మగపురుగు మీసములు దాని దేహముకంటె పొడవుగా నుండును. జూన్ నెలలో తొలకరి వానలు పడగానే ఈ పురుగులు చెట్ల బోదెలనుండి రంధ్రములు చేసికొని వెలుపలికి వచ్చును. ఆడుపురుగు బెరడు పగుళ్లలో నూఱు మొదలు మున్నూఱు వఱకు గ్రుడ్లు పెట్టును. కొలది దినములలో గ్రుడ్లు పగిలి డింభకములు పుట్టును. అవి మొదట బెరడు లోపలి మెత్తని పొరను తినును. పిదప కఱ్ఱలోనికి చొచ్చుకొని పోయి, నడిమి చేవను సయితము తొలుచును. బాగుగా ఎదిగిన డింభకము మూడు అంగుళములకు పైగా పొడవుండును. ఆ సొరంగములనుండి రాలిన పొట్టు చెట్టు మొదట కుప్పగా పడియుండును. పాత యిండ్లలో దూలమునుండి పిండివంటి పొడి రాలుట మీరు చూచియుందురు కదా! నా పాఠశాలలో ఒక దూలము అట్లు పొడి రాల్చుచుండగా, దినమును చీపురుతో ఊడ్పించి ఊరకుంటిని గాని పైకి చూడవలెనని నాకు చాల కాలమునకు గాని తోచలేదు. అడవిలోని వాడు అట్లు ఊరకుండరాదు. డింభకము చేవలోనే గది చేసికొని రూపము మార్చుకొని, పెంకుపురుగై, మరల తొలకరి చినుకు పడువఱకు అందులోనే వేచియుండును. ఇట్లు సంవత్సరమునకు ఒక్క తరము.

చెట్టు మాత్రము చేతులు ముడుచుకొని కూర్చుండునా? ఆరోగ్యముగా నున్న గుగ్గిలపు చెట్టు, పురుగు లోపలికి చొచ్చిన చోటనే బంకను స్రవింపజేయును. లేత డింభకము అందులో చిక్కి చచ్చును. కావున మామూలు సంవత్సరములలో ఈ పురుగు పడిపోయిన చెట్లను, ముసలి చెట్లను, పిడుగు పడి క్షీణించిన వానిని మాత్రమే ఆశ్రయించి బ్రతుకుచుండును. ఎండుకఱ్ఱను మట్టిలో కలుపు పనిలో అడవికి తోడ్పడుచుండును. అప్పుడు దానిని శత్రువనుట న్యాయము కాదు. చిక్కంతయు సంఖ్యలో ఉన్నది. వానలు చాలక చెట్లు నీరసించినపుడు గాని, నఱికిన దుంగలను వానకాలమున అడవిలోనే వదలివేసినపుడు గాని పురుగులు విపరీతముగా పెరుగును. వందలకొలది డింభకములు ఒకేసారి పైబడినచో చెట్టులోని బంక చాలదు. ఎంత ఏపుగా నున్న చెట్టయినను ఓడిపోవును. ఆ చెట్టునుండి మఱుసటి యేడు వచ్చు పురుగులు ప్రక్క చెట్లపై పడును.

1923 మొదలు 1928 వఱకు నేటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా అడవులలో ఇట్లే జరిగెను. లక్షలకొలది చెట్లు నిలువున ఎండిపోయెను. చెట్టు లోపల దాగిన పురుగుపై మందు చల్లుట సాధ్యము కాదు. అడవినంతయు నఱుకుట వైద్యము కాదు. డెహ్రాడూన్‌లో 1906లో ఏర్పడిన అటవీ పరిశోధనాలయమున పనిచేయు కీటకశాస్త్రజ్ఞులు పురుగు నడవడిని ఓపికతో గమనింపసాగిరి. వారిలో బీసన్ అను ఆంగ్లేయుడు ముఖ్యుడు. భారతదేశపు అడవి కీటకములను గూర్చి 1941లో వెలువడిన ఆయన గ్రంథము నేటికిని ఆ శాస్త్రము చదువువారికి ఆధారము. వారు గమనించిన విషయమేమన, ఈ పెంకుపురుగునకు గుగ్గిలపు చెట్టు బెరడు రసమనిన ప్రాణము. అప్పుడే నఱికిన చెట్టు వాసన తగిలినచో ఎంతో దూరమునుండి వచ్చి వ్రాలును. ఆ రసము త్రాగి మత్తెక్కినట్లు కదలక పడియుండును.

ఈ బలహీనతయే ఎరచెట్టు పద్ధతికి మూలము. వానలు మొదలు కాగానే పనికిరాని గుగ్గిలపు చెట్టు నొకదానిని కూల్చి, మనిషి మోయదగిన దుంగలుగా కోయుదురు. దుంగల కొనలను గొడ్డలి వెనుక భాగముతో మోది, బెరడు నలిగి రసము ఊఱునట్లు చేయుదురు. తెల్లవాఱునప్పటికి నలిగిన బెరడు క్రింద పురుగులు గుంపులుగా చేరియుండును. ఊరివారు పోయి వానిని చేతులతోనే ఏఱి చంపుదురు. చంపిన పురుగుల తలలను తెచ్చి లెక్క చూపినవారికి, పురుగునకింత యని కూలి ముట్టును. రసము ఎండిన దుంగను మరల కోసి మరల మోదుదురు. ఎంత యంత్రమును అక్కఱలేని ఉపాయమో చూడుడు! కాని ఇందులో ఒక మెలిక కలదు. ఎరకు వచ్చిన పురుగు రసము త్రాగుటయే కాక గ్రుడ్లును పెట్టును. జడివానకు, బురదకు వెఱచి కొన్ని దినములు ఏఱుట మానినచో ఎరచెట్టే పురుగులకు పురిటిల్లగును. పట్టవలసినవాడే పెంచినవాడగును.

1990వ దశాబ్దపు చివర మండ్లా, దిండోరి, బాలాఘాట్ ప్రాంతములలో మరల పెద్ద ముట్టడి వచ్చెను. ఈసారి దాదాపు 30 లక్షల చెట్లకు పురుగు పట్టెను. గ్రామీణులు వానలో తడియుచు లక్షల లక్షలుగా పురుగులను ఏఱిరి. పురుగు పట్టిన చెట్లను నఱుకు పనియు పెద్ద యెత్తున సాగెను. దానితో వివాదము లేచి సుప్రీంకోర్టు వఱకు పోయెను. వ్యాధి పేరు చెప్పి మంచి కలపను గూడ నఱకుచున్నారని కొందఱి యభియోగము. నఱుకకున్నచో మిగిలినదియు పోవునని కొందఱి భయము. నాకు తోచునది ఏమన, ఇరువురి మాటలోను కొంత నిజమున్నది. శాస్త్రజ్ఞులు చెట్లను ఆకు పచ్చదనమును బట్టి, మొదట పడిన పొట్టును బట్టి తరగతులుగా విభజించిరి. కొద్దిపాటి పొట్టు మాత్రము రాల్చుచు తల పచ్చగా నున్న చెట్టు తన బంకతో కోలుకొనవచ్చును, దానిని నఱుకరాదు. ఏనాడో ఎండి పురుగులు విడిచిపోయిన చెట్టును నఱికినను పురుగుల లెక్క తగ్గదు. పురుగులు నిండియుండి ఇక బ్రతుకదని తేలిన చెట్టునే నఱుకవలెను. అదియు వేసవి ముగియక ముందే అడవి వెలుపలికి చేర్పవలెను. తొలకరి పడిన పిదప తరలించిన దుంగ పురుగులను క్రొత్త అడవికి మోసికొనిపోవు బండియే యగును.

జబల్‌పూర్‌లోని ఉష్ణమండల అటవీ పరిశోధనా సంస్థవారు ఇప్పటికిని ఈ పురుగును గమనించుచున్నారు. ఉపగ్రహములు తీసిన చిత్రములలో అడవి ఎక్కడ వన్నె తప్పినదో చూచి ముట్టడి విస్తీర్ణమును అంచనా వేయు ప్రయత్నములును జరిగినవి. అయినను ఫలాని చెట్టులో పురుగు ఉన్నదా లేదా అని తేల్చుటకు, ఒక మనిషి ఆ చెట్టు మొదటికి నడచిపోయి, వంగి, పొట్టును చేతిలోనికి తీసికొని చూడవలసినదే.