చెరకు మడ్డి – మద్యసారము – ఒక నాయనమ్మ అభ్యంతరము

గత శనివారము సాయంకాలము రామభజన ముగిసి ప్రసాదము పంచుచుండగా, మన కోవెలకు వచ్చు ఒక యువకుడు నాయొద్దకు వచ్చి నిలిచెను. చక్కెర మిల్లును ఆనుకొనియున్న మద్యసారపు కర్మాగారములో అతనికి క్రొత్తగా ఉద్యోగము దొరకినది. మొదటి జీతములో కొంత దీపపు నూనెకై ఇయ్యదలచెను. కాని అతని నాయనమ్మ, "సారా డబ్బుతో దేవునికి దీపము పెట్టవలదు" అని అడ్డుచెప్పినదట. "అయ్యగారూ, నేను చేయుచున్నది పాపపు పనియా?" అని అతడడిగెను.

ఆ వృద్ధురాలి మాటను త్రోసివేయుటకు వీలులేదు. ఆమె భర్త కూలి డబ్బులను రమ్ము దుకాణమునకు సమర్పించి, చిన్న వయసుననే కన్ను మూసెను. మన మారిషస్ ద్వీపమున ఎస్టేటు క్యాంపులలో పెరిగినవారికి ఇట్టి కథ క్రొత్తది కాదు. అయినను ఒక వస్తువును నిందించుటకు ముందు అది ఎట్లు పుట్టుచున్నదో తెలిసికొనుట మేలు గదా!

మన పూర్వులు ఓడ యెక్కిన కోరంగి తీరమున తాటిచెట్లు మెండు. తెల్లవారుజామున దింపిన తాటినీరు తియ్యగా నుండును. ప్రొద్దెక్కినకొలది నురుగుగట్టి కల్లగును. దానిలో ఎవరును ఏమియు కలుపనక్కరలేదు. గాలిలోను, చెట్టుమీదను, పాత లొట్టిలోను ఉండు ఈస్టు అను సూక్ష్మజీవి ఆ పని చేయుచున్నది. లొట్టికి లోపల సున్నము పూసినచో ఈస్టు పెరుగజాలదు. నీరు తియ్యగానే నిలుచును. శాస్త్రము చదువని మన పెద్దలకు ఈ కిటుకు ఏనాడో తెలియును.

చెరకు విషయమును ఇట్టిదే. చక్కెర గడ్డకట్టగా మిగిలిన నల్లని మడ్డిలో ఇంకను సగము బరువు చక్కెరయే యుండును. నూరు టన్నుల చెరకునకు మూడు నాలుగు టన్నుల మడ్డి వచ్చును. దానిని నీటితో పలుచన చేసి, పెద్ద తొట్టెలలో పోసి, ఈస్టును చేర్చుదురు. 30 మొదలు 35 డిగ్రీల వేడిలో ఈస్టు విజృంభించి, చక్కెరను రెండుగా విరుచును: ఒకటి మద్యసారము, రెండవది బొగ్గుపులుసు వాయువు. లెక్క ప్రకారము 180 పాళ్ల ద్రాక్షచక్కెర నుండి 92 పాళ్ల మద్యసారము, 88 పాళ్ల వాయువు రావలెను. ఈస్టు తన పోషణకు కొంత వాడుకొనుటచే దిగుబడి కొంచెము తగ్గును. ఒకటి రెండు దినములలో తొట్టెలోని ద్రవమున మద్యసారము 7 నుండి 9 శాతము వరకు చేరును. అది ఇంకను హెచ్చినకొలది ఈస్టు నీరసించి, తుదకు తాను చేసిన మద్యసారములోనే నశించును.

మద్యసారము 78 డిగ్రీల వేడికే మరుగును. నీటికి 100 డిగ్రీలు కావలెను. ఈ భేదమును ఆధారము చేసికొని బట్టీలో ఆవిరిపట్టి రెంటిని వేరుచేయుదురు. టన్ను మడ్డికి సుమారు 250 లీటర్ల మద్యసారము లభించును.

ఈ రహస్యము పండితులకు ఎంతో కాలము అంతుబట్టలేదు. 1856లో ఫ్రాన్సు దేశమున లీల్ నగరములో బీటుదుంపల నుండి సారా తీయు ఒక వర్తకుని తొట్టెలు పులిసి చెడిపోవుచుండగా, లూయీ పాశ్చరు వచ్చి సూక్ష్మదర్శినితో చూచెను. మంచి తొట్టెలో గుండ్రని ఈస్టు కణములును, చెడిన తొట్టెలో వేరొక సూక్ష్మజీవులును కనబడెను. 1897లో ఎడ్వర్డు బుక్నరు ఈస్టును ఇసుకతో నూరి పిండిన రసము సైతము చక్కెరను పులియబెట్టునని చూపి, 1907లో నోబెలు బహుమానము నందెను.

ఆ ఈస్టే మన ఉదయపు రొట్టెను పొంగించునది. రొట్టెలో వాయువు పనికివచ్చును, మద్యసారము పొయ్యి వేడికి ఎగిరిపోవును. తొట్టెలో వాయువు పోయి మద్యసారము నిలుచును. ఇంతయే భేదము. ఆ మద్యసారము రమ్మగును. ఔషధమునకు, అత్తరునకు, చేతులు శుభ్రపరచు ద్రవమునకు కూడ ఆధారమగును. బ్రెజిలులోను, భారతదేశములోను మోటారు బండ్లను నడుపుచున్నది. 2006లో ఆరంభమైన సంస్కరణలతో ఐరోపా సంఘము చక్కెర ధరను అంచెలంచెలుగా 36 శాతము తగ్గించినది. 2009లో పాత చక్కెర ఒప్పందము ముగిసినది. చక్కెరను మాత్రమే నమ్ముకొనిన తోటలకు అది గట్టి దెబ్బ. అట్టిచో మడ్డిని వ్యర్థము చేయక విలువ కట్టు పనిని పాపమనుట ఎట్లు?

అయితే ఈ పనిలో అపాయములు లేకపోలేదు. మొదటిది ఆ బొగ్గుపులుసు వాయువే. అది గాలికన్న ఒకటిన్నర రెట్లు బరువు గలది, రంగులేదు, ఖాళీ తొట్టె అడుగున నిలిచియుండును. గాలి ఆడించి, పరీక్షింపక దిగినవాడు క్షణములలో స్పృహ తప్పును. వానిని రక్షింపబోయి దుమికినవాడును అట్లే పడును. రెండవది, బట్టీ అడుగున మిగులు నల్లనీరు. లీటరు మద్యసారమునకు అది పది పదిహేను లీటర్లు వచ్చును. ఏటిలో వదలినచో చేపలు చచ్చును. తగిన రీతిని పొలమునకు వాడినచో అందలి పొటాషు చెరకునకు ఎరువగును. మూడవది, చాటుగా కాచు తిలాంబిక్. దొంగసారాలో కొందరు కలుపు కర్మాగారపు మిథైలు మద్యసారము కన్నులను, పిదప ప్రాణమును హరించును.

కనుక దోషము మడ్డిది కాదు, ఈస్టుది కాదు. ఇంటికి చేరవలసిన కూలిని దుకాణమున పోయువాని యందును, పనివాని ప్రాణమును లెక్కింపని యజమాని యందును దోషమున్నది.

మరునాడు ఆ యువకుని ఇంటికి పోయి, ఈ సంగతులన్నియు నాయనమ్మకు విన్నవించితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "నూనె సంగతి తరువాత చూతము, అయ్యగారూ. ముందు వాడిని ఆ తొట్టెలోనికి ఒంటరిగా దిగవలదని చెప్పుడు" అనెను. ఆ మాటనే ఈ పత్రిక చదువు తల్లిదండ్రులందరును తమ బిడ్డలకు చెప్పుదురు గాక!