చేపని గేదె

వైశాఖమాసమున పల్లెలో ఏ పెరటికి వెళ్లినను ఒక్కటే మాట వినబడును: "గేదె చేపుట లేదమ్మా!" పూటకు నాలుగు లీటర్లిచ్చినది రెండింటికి దిగును. ఇంటివారు ముందుగా గేదెను తిట్టుదురు. పిమ్మట దానిని చూచుకొను ఇల్లాలిని తప్పుపట్టుదురు. రెండును అన్యాయమే.

గేదె చర్మము నలుపు, రోమములు పలుచన. ఆవుతో పోల్చినచో స్వేదగ్రంథులు తక్కువ. ఎండవేడిని త్వరగా గ్రహించును గాని చెమటగా విడువజాలదు. బురదలో పొర్లుట చూచి మనము నవ్వుదుము. అది దాని వైద్యము. వదులైన చర్మము, తెల్లని రోమములు గల మన ఒంగోలు జాతి ఎండకు బాగుగా ఓర్చును. అందుచేతనే ఆ సంతతి బ్రెజిలు దేశమున నెల్లూరి పేరు మీదుగా నెలోరె యని వర్ధిల్లుచున్నది.

తినిన మేత కడుపులో పులిసి అరుగునపుడును వేడి పుట్టును. కావున ఎండకు తాళలేని పశువు తనంతట తానే మేత తగ్గించును. దానితో పాలును తగ్గును. వేసవిలో గేదె ఎదకు వచ్చినను తరచుగా అరవదు, గుర్తు తెలియదు. అదను తప్పినచో ఈత వెనుకబడును. ఈ యేటి ఎండ మరుసటి యేటి పాడిని గూడ తినివేయును.

ఇక చేపుట సంగతి. దూడ మూతి గాని, తెలిసిన చేయి గాని పొదుగునకు తగిలినపుడు ఆక్సిటోసినను రసము నెత్తురున చేరి పాలను దింపును. భయమో, నొప్పియో, అదలింపో కలిగినచో అడ్రినలినను మరియొక రసము దానికి అడ్డుపడును. కొందరు సూదిమందు వేసి పిండుదురు. పాడిపశువునకు హానిచేయు ఇట్టి పనిని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నేరముగా ఎంచినది.

వెనుక ఊరి చెరువే గేదెలకు చలువపందిరి. ఎన్నో చెరువులు పూడిపోయినవి, కొన్ని ఇండ్లస్థలములైనవి. ఆ నీరంతయు ఇప్పుడు ఇల్లాలి బిందెతో రావలెను. పాడిగేదె వేసవిలో దినమునకు 60 లీటర్లకు పైగానే త్రాగును, కడుగుటకు వేరు. 2015 మే నెలలో తెలుగునాట వేయిమందికి మించి వడదెబ్బకు అసువులు బాసిరి. అట్టి ఎండలోను పచ్చగడ్డికి పోవలసినది తరచుగా ఆమెయే. పాలడబ్బు ఆమె చేతి డబ్బు. ఉప్పుకు, పిల్లల పుస్తకములకు అందులోనిదే. పాలేల తగ్గినవని అడుగువారి చేతికి ముందొక బిందె నీయవలెను.

మేత తెల్లవారుజామునను రాత్రియు వేసి, నడిమధ్యాహ్నము చెట్టునీడను కట్టి, పితుకుటకు ముందు ఒడలు తడిపినచో పశువునకు కొంత ఊరట. పితుకు చేయి మార్చకుండుట మేలు. ఇల్లాలు పుట్టింటికి వెళ్లినపుడు ఆమె చీర కప్పుకొని పొదుగుకడ కూర్చుండు పురుషులు పల్లెలలో కలరు. వారిని చూచి నవ్వకుడు. గేదె ఆ చీరను ఎరుగును.