పోయిండంట

గట్టు మండలంలో ఏ టీ హోటల్ బల్ల దగ్గర కూర్చున్నా, పొద్దున ఎనిమిది గంటల లోపు ఒక మాట చెవిన పడే అవకాశం ఉంది: ‘పోయిండంట’. ఎవరు పోయారన్నది తర్వాతి సంగతి, ముందు ఆ మాట కట్టుబడి చూడాలి. ‘పోయిండు’ అంటే చెప్పినవాడు సాక్షి. చివర ‘అంట’ చేరగానే సాక్షి మాయమవుతాడు, వార్త మాత్రం మిగులుతుంది. కృష్ణ దిగువన దీన్నే ‘పోయాడట’ అంటారు. వ్యాకరణం మనిషికిచ్చిన సౌకర్యాల్లో ఇంత చవకైనది మరొకటి కనబడదు.

ఇక్కడ మనం పరిశీలించబోయేది ఆ మాట కోసం ఎదురుచూసే అలవాటును. వయసు మళ్లిన నటుల్లో, నాయకుల్లో ఈ ఏడు ఎవరి వంతు అని అంచనా వేయడం, ఆస్పత్రి కబుర్లను వెంబడించడం, వార్త వచ్చిన రోజు ‘నేను అప్పుడే చెప్పలే?’ అని బల్ల చరచడం. ఇందులో ద్వేషమేమీ లేదు. అంచనా వేసిన మనిషే ఆ రాత్రి ఆ నటుడి పాత సినిమా చివరిదాకా చూసి కళ్లు తుడుచుకుంటాడు. రెండు పనులూ ఆయన చిత్తశుద్ధితోనే చేస్తాడు.

ఈ కాలక్షేపం మనం కనిపెట్టింది కాదు. పదహారో శతాబ్దపు రోములో పోపు ఎన్నాళ్లు బతుకుతాడు, తర్వాత ఎవరు ఆ పీఠం ఎక్కుతారు అని బహిరంగంగా పందాలు కాసేవారు. పద్నాలుగో గ్రెగరీ పోపుకు ఇది నచ్చలేదు. పోపు పాలనాకాలం మీద పందెం కాసినవారిని మతం నుంచి వెలివేస్తామని 1591 మార్చి 21న శాసనం చేశాడు. అదే ఏడాది అక్టోబర్ 16న మరణించాడు. పందెం కట్టకుండా ఆగిపోయినవాళ్లు ఎంత బాధపడ్డారో చరిత్రకారులు రాయలేదు.

లండన్‌లో పద్ధతి మరికొంత నాగరికంగా ఉండేది. ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి పేరు మీద బీమా తీసుకుని, అతడు త్వరగా పోతే లాభం పొందేవారు. రెండో జార్జి రాజు 1743లో యుద్ధానికి వెళ్తే ప్రాణాలతో తిరిగొస్తాడా రాడా అని కూడా పందాలు నడిచాయి. చివరికి 1774లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. ఎవరి ప్రాణం మీదైనా బీమా తీసుకోవాలంటే ఆ మనిషి పోవడం వల్ల మనకు నిజమైన నష్టం ఉండాలి. దీన్ని ‘ఇన్సూరబుల్ ఇంటరెస్ట్’ అంటారు. భార్యాభర్తలకు అది ఉంటుంది, అప్పు ఇచ్చినవాడికి ఉంటుంది. అభిమాన సంఘం అధ్యక్షుడికి ఉండదు, ఎంత ఏడ్చినా సరే. మన బీమా నియమాలూ ఈ సూత్రం మీదే నిలిచాయి. పందెం ఒప్పందాలు చెల్లవని 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ విడిగా చెప్పింది.

డబ్బు పందెం పోయినా ఆట పోలేదు. ఇంగ్లండు, అమెరికాల్లో దాన్ని ‘డెడ్ పూల్’ అంటారు, అంటే మరణాల పోటీ. జనవరి ఒకటిన ప్రతి ఆటగాడూ ప్రముఖుల పేర్ల జాబితా ఇస్తాడు. ఏడాది తిరిగేసరికి అందులో ఎందరు పోతే అన్ని మార్కులు. కొన్ని పోటీల్లో నూటిలోంచి పోయినవారి వయసు తీసేస్తే ఎంత మిగిలితే అన్ని ఇస్తారు. తొంభై ఐదేళ్ల పెద్దాయన పోతే అయిదు మార్కులు, నలభై ఏళ్ల గాయకుడు పోతే అరవై. ఎందుకంటే మొదటిది సులభం. మరణానికి కూడా కష్టసాధ్యతను బట్టి మార్కులేసిన జాతి పరీక్షల పద్ధతిని మనకు నేర్పడంలో ఆశ్చర్యం లేదు.

ఇక లెక్క. లండన్‌లో బీమా గణితం చేసిన బెంజమిన్ గాంపర్ట్జ్ 1825లో ఒక సంగతి గమనించాడు. యౌవనం దాటాక మనిషి ఏడాదిలో మరణించే అవకాశం క్రమం తప్పకుండా పెరుగుతూ పోతుంది. అది వడ్డీ మీద వడ్డీలా పెరిగి సుమారు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుంది. దీన్ని అంకెల్లో పెట్టిన పుస్తకాన్ని ఆయుర్దాయ పట్టిక అంటారు. ఏ వయసువారు నూరుమందిలో ఏడాదికి ఎందరు పోతారో అది చెబుతుంది.

లెక్కలు బాగా రాసిపెట్టుకున్న దేశాల పట్టికలు తీసుకుంటే, అరవై ఏళ్ల మగవాళ్లలో ఆ ఏడాది పోయేది నూటికి ఒకరు, మహా అయితే ఒకటిన్నర. ఎనభైలో ఆరుగురు. తొంభైలో పదహారు పదిహేడు మంది, అంటే ఆరుగురిలో ఒకరు. ఈ చివరి అంకె దగ్గర పాఠకులు కాస్త ఆగాలి. తొంభై ఏళ్ల ఒక్క మనిషిని చూపించి ‘ఈ ఏడు గడవడు’ అంటే, చెప్పినవాడు ఆరుసార్లలో ఐదుసార్లు తప్పు. అంతటి పండు వయసులో కూడా బతికి ఉండే వైపే మొగ్గు.

ఇప్పుడు ఒకరికి బదులు పదిమందిని తీసుకోండి, అందరూ తొంభై ఏళ్లవాళ్లే. అందరూ ఏడాది దాటే అవకాశం ఎంత? ఆరింట అయిదును పదిసార్లు హెచ్చవేయాలి. నూటికి పదహారు వస్తుంది. కనీసం ఒకరు పోయే అవకాశం నూటికి ఎనభై నాలుగు. ముప్ఫైమందిని తీసుకుంటే అది తొంభై తొమ్మిదిన్నర దాటుతుంది. ‘ఎవరో ఒకరు పోతారు’ అన్నది దాదాపు ఖాయం, ‘ఫలానావారు పోతారు’ అన్నది దాదాపు చీకట్లో రాయి. ఈ కాలక్షేపం మొత్తం ఈ రెండు వాక్యాల మధ్య సందులో కాపురం చేస్తోంది.

ఉగాది సాయంత్రం గుడి దగ్గర పంచాంగ శ్రవణం విన్నవారికి ఈ సందు పరిచయమే. ఈ ఏడు రాజెవరు, మంత్రెవరు, మేఘాలెన్ని, పంటలెలా అన్నవి అయ్యాక, సినీ రాజకీయ రంగాల్లో ఒక పెద్దకు గండం అన్న మాట వస్తుంది. పంతులుగారు పేరు చెప్పరు. పేరు చెప్పని ఆయన గణితం నిర్దుష్టం, గాంపర్ట్జ్ కూడా వేలెత్తి చూపలేడు. టీవీలోకి ఎక్కి పేర్లు చెప్పే జ్యోతిష్కులు ఆ జాగ్రత్త పాటించరు. పాటించకపోయినా వాళ్లకు నష్టం లేదు. తప్పిన జోస్యానికి వర్ధంతి చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

‘ఒకరు పోతే వరుసగా పోతారు’ అన్న నమ్మకం ఇంకొకటి ఉంది. దానికి సాక్ష్యంగా 2022 చివరి నెలలను చూపుతారు. సెప్టెంబర్ 11న కృష్ణంరాజు, నవంబర్ 15న కృష్ణ, డిసెంబర్ 23న కైకాల సత్యనారాయణ, ఆ వెంటే చలపతిరావు. కొత్త ఏడాది జనవరి 27న జమున, ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్, 4న వాణీ జయరామ్. అయిదు నెలలు నిండక ముందే ఏడుగురు. ఆ రోజుల్లో హోటల్ బల్లల దగ్గర ఇండస్ట్రీకి శాంతి చేయించాలన్న సలహా గట్టిగానే వినిపించింది.

శాంతికి ముందు వయసులు చూద్దాం. విశ్వనాథ్ 1930లో పుట్టారు, కైకాల 1935లో, జమున 1936లో, కృష్ణంరాజు 1940లో, కృష్ణ 1943లో, చలపతిరావు 1944లో, వాణీ జయరామ్ 1945లో. మనం ‘మన సినిమా’ అని పిలుచుకునేది ఇంచుమించు ఒకే ఈడువాళ్లు, ఒకే కాలంలో కట్టిన ఇల్లు. ఒకే ఏడు నాటిన తోట ఒకేసారి కాపుకొస్తుంది, ముదిరేదీ ఒకేసారే. అందులో దోషమేమీ లేదు, ఉన్నదల్లా 1950, 60 దశకాల్లో మద్రాసు రైలెక్కినవాళ్ల సంఖ్య. పైగా ఏ దూరాలూ సమానంగా ఉండకపోవడమే యాదృచ్ఛికానికి గుర్తు. నెలకొకరు చొప్పున కచ్చితంగా పోతే అప్పుడు అనుమానించాలి.

మన జిల్లా వాళ్లకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి. నటుడు కోట శ్రీనివాసరావు 1942 జులైలో పుట్టి 2025 జులై 13న వెళ్లిపోయారు. మన జిల్లా కంచుపాడుకు చెందిన కమ్యూనిస్టు నాయకుడు సురవరం సుధాకర్ రెడ్డి 1942 మార్చిలో పుట్టి, కోట పోయిన నలభయ్యో రోజున, ఆగస్టు 22న కన్నుమూశారు. ఈ రెంటికీ ముడిపెట్టే జోస్యం ఎవరూ చెప్పలేదు. ఈ ఆటకు సినిమా ముఖాలే కావాలి. దేహాన్ని వైద్య కళాశాలకు అప్పగించి వెళ్లిపోయిన మనిషి మీద వీడియో థంబ్‌నెయిల్ చేయడం కష్టం.

పేరు పెట్టి ఊహించడం ఎంత గుడ్డిపనో చెప్పడానికి 2020 కంటే మంచి ఏడాది దొరకదు. ఆ జూన్‌లో గాయని ఎస్. జానకి ఇక లేరని వార్త పాకింది. ఆమె వయసు అప్పటికి 82. పొద్దుట్నుంచి ఫోన్లు పడలేక ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక వీడియో చేసి, ఆమె క్షేమంగా ఉన్నారని చెప్పి, పుకారు పుట్టించినవారిని మందలించారు. ఆయన వయసు 74. పట్టికను అడిగితే ఈ ఇద్దరిలో ఎవరివైపు వేలు చూపిస్తుందో పాఠకులకు తెలుసు. ఆగస్టు 5న ఆయన కరోనాతో ఆస్పత్రిలో చేరారు, సెప్టెంబర్ 25న వెళ్లిపోయారు. ఏ జాబితాలోనూ ఉండవలసిన పేరు కాదది.

ఇంగ్లండువాడి ఆటకూ మన ఆటకూ తేడా ఇక్కడే బయటపడుతుంది. వాడి ఆటలో మార్కులు రావాలంటే మనిషి నిజంగా పోవాలి. మన ఆటలో గెలుపు ముందు చెప్పినవాడిది. పోటీ వేగంలోనే కాబట్టి అవతలి మనిషి సహకారం తప్పనిసరి కాదు.

ఈ తొందర పామరులదేనని అనుకోవద్దు. 1979 మార్చి 22న జయప్రకాశ్ నారాయణ్ మరణించారని ప్రధాని మొరార్జీ దేశాయ్ స్వయంగా లోక్‌సభలో ప్రకటించారు. సభ నివాళి అర్పించి వాయిదా పడింది. ఆకాశవాణి దేశమంతటికీ చెప్పింది. జేపీ అప్పుడు బొంబాయి ఆస్పత్రిలో ఊపిరి తీస్తూనే ఉన్నారు, మరో 200 రోజులు బతికి అక్టోబర్ 8న పోయారు. 2016 డిసెంబర్ 5 సాయంత్రం జయలలిత విషయంలోనూ ఇంతే. ఛానళ్లు ప్రకటించాయి, పార్టీ కార్యాలయం మీద జెండా సగానికి దిగింది, ఆస్పత్రి ఖండించాక తిరిగి పైకెక్కింది. రాత్రి పదకొండున్నరకు గానీ ఆమె ప్రాణం పోలేదు. ఆ కొన్ని గంటల ముందంజ వల్ల ఎవరికి ఏం లాభించిందో ఇప్పటికీ లెక్క తేలలేదు.

పత్రికలవారు దీన్ని వృత్తిగా చేస్తారు కాబట్టి కాస్త పద్ధతిగా చేస్తారు. పెద్దల సంస్మరణ వ్యాసాలు వాళ్లు బతికుండగానే రాసి దాచుకుంటారు. ఆ దాపరికం ఒక్కోసారి తలుపు తీసుకుని బయటికొస్తుంది. 2003లో సీఎన్ఎన్ వారి అలాంటి పేజీలు కొన్ని పొరపాటున జనం కంటబడ్డాయి. ఒక నమూనా మీదనే అన్నీ తయారుచేయడంతో, అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ అందులో బ్రిటన్ ప్రజల ముద్దుల అమ్మమ్మగా కనిపించారు. 2011లో నటి ఎలిజబెత్ టేలర్ మరణించినప్పుడు న్యూయార్క్ టైమ్స్ అచ్చువేసిన సంస్మరణ రాసింది మెల్ గస్సో. ఆయన 2005లోనే చనిపోయారు. ఎదుటివారి వంతు లెక్కించే మనిషి తన పేరును పట్టికలో ఏ వరుసలో రాసుకోవాలో ఆలోచించడు. హోటల్ బల్ల దగ్గర జోస్యం చెప్పే పెద్దమనిషికి డెబ్బై రెండేళ్లుంటే, ఆ ఏడాది ఆయన వంతు కూడా నూటికి మూడు పాళ్లు.

మన పక్క ఆ దాచిన పేజీ పాత్ర ఫ్లెక్సీ దుకాణానిది. ఊరి పెద్ద ఫోటో అక్కడి కంప్యూటర్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: తెల్ల చొక్కా, నమస్కారం, వెనక ఆకాశం. జన్మదినానికీ అదే ఫోటో, కన్నీటి నివాళికీ అదే. మారేది కింద ఒక వరుస, పైన ఒక దండ. అందుకే ఆయన రెండో సందర్భంలో కూడా అంతే ఉత్సాహంగా నవ్వుతూ కనిపిస్తాడు.

అబద్ధపు చావు కబురుకు పల్లెల్లో ఒక పాత గౌరవం ఉంది. కాకి తల మీద తన్నితే కీడని నమ్మేవారు. ఆ కీడు పోవాలంటే తన్నించుకున్నవాడు పోయాడని దగ్గరి చుట్టాలకు కబురు పంపాలి. వాళ్లు నిజంగా ఏడవాలి, ఆ ఏడుపుతో దోషం పోయి ఆయుష్షు పెరుగుతుంది. దానికొక షరతు ఉండేది: వెంటనే రెండో కబురు పంపాలి, లేకపోతే చుట్టాలు బండి కట్టుకుని వచ్చేస్తారు. కబురు మోసినవాడిదే రెండోసారి వెళ్లే బాధ్యత కూడా. వాడికి ‘అంట’ లేదు.

2023 మార్చి 21న కోట శ్రీనివాసరావుకు ఆ రెండో కబురు తనే పంపుకోవలసి వచ్చింది. పొద్దున ఏడున్నర నుంచి యాభై ఫోన్లకు తానే జవాబు చెప్పానని, పెద్దలు వస్తారని భద్రత కోసం వ్యానులో పదిమంది పోలీసులు ఇంటికి వచ్చారని ఆయన వీడియోలో చెప్పారు. ఆ తర్వాత 845 రోజులు బతికారు. తేదీలు కలిపేవాళ్లకు 1591, 1979, 2023ల మార్చి 21, 22లు ఒక వరుసలో కనిపించవచ్చు. కలుపుకోవచ్చు, ఖర్చేమీ లేదు. ఆ రోజు ఆయన ధ్యాస మాత్రం వేరే తేదీ మీద ఉంది. తెల్లవారితే ఉగాది, పండక్కి ఏం చేద్దామా అని ఆలోచిస్తుండగా ఈ ఫోన్లు మొదలయ్యాయట.