మెడ గడ్డకు సూది పరీక్ష: ఎంతవరకు నమ్మవచ్చును?

మెడ ముందువైపున, కంఠమణికి దిగువన, సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అందులో గడ్డ కనిపించగానే మన ఇండ్లలో మొదట వినిపించే మాట కాన్సరు. నిజానికి ఇటువంటి గడ్డలలో నూటికి 85 మొదలు 93 వరకు కాన్సరు కావు. తెలుగు తరగతులలో నేను గడ్డ అనే మాటను ఉల్లిగడ్డతోను, తెలుగుగడ్డతోను నేర్చుకున్నాను. సెగగడ్డకు, కాన్సరుకు కూడా అదే మాట వాడతారని తరువాత తెలిసింది. మన భయంలో సగం ఈ ఒక్క మాట వల్లనే పుట్టిందేమో!

కాన్సరు అయిన కొద్దిపాటి గడ్డలను పోల్చుకోవడానికే సన్నని సూదితో కణాలను తీసి చూస్తారు. ముందు రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ స్కానింగు చేస్తారు. ఆ తరువాత రోగిని పడుకోబెట్టి, భుజాల కింద తలగడ పెట్టి, గడ్డలోనికి సూది పంపుతారు. ఆ కొద్ది క్షణాలు మింగరాదు, మాటాడరాదు. వచ్చినదానిని గాజుపలకల మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. న్యూయార్కులో మార్టిన్, ఎల్లిస్ అనే ఇద్దరు 1930లోనే సూదితో గడ్డల కణాలను తీసి పరీక్షించారు. నేటి సన్నని సూదిని వాడుకలోకి తెచ్చినది ముఖ్యంగా స్వీడన్ వైద్యులు.

ఇక నమ్మకం సంగతి. ఒమాన్ దేశంలో సలాలా పట్టణానికి పడమట ఉన్న రైసూత్ రేవులో మన తెలుగువారు కొందరు పనిచేస్తున్నారు. మన ముత్తాతలు చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్ళినట్లే వీరూ ఒప్పందం మీద వచ్చినవారే. వారిలో శ్రీకాకుళం వైపు యువకుడు ఒకడు ఒకనాడు తన రిపోర్టు తెచ్చి, "మాస్టారూ, కణాలు చాలలేదని రాశారు. అంటే కాన్సరు కణాలు లేవనే కదా?" అన్నాడు. ముఖంలో ఎంత సంతోషమో! కాదు నాయనా, సూది ఇంకా ఏమీ చెప్పలేదని దాని అర్థం అని చెప్పవలసి వచ్చింది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునంటారు. గడ్డ విషయంలో అది చెల్లదు. గ్రంథి కణాల గుంపులు కనీసం ఆరు, గుంపుకు కనీసం పది కణాల చొప్పున ఉంటేనే సాధారణంగా పరీక్ష సరిపోయినట్లు లెక్క. రక్తం కలిసినా, గడ్డలో నీరే ఎక్కువగా ఉన్నా కణాలు చాలవు. అప్పుడు స్కానింగులో చూస్తూ మళ్ళీ సూది వేయాలి. రెండవసారి చాలామందికి జవాబు దొరుకుతుంది. ఆ యువకుడు సెలవు దొరకదని వెనుకాడినా చివరకు వెళ్ళాడు. కాన్సరు కాదని వచ్చింది.

2007లో అమెరికాలోని బెథెస్డాలో నిపుణులు కూడి, రిపోర్టులను ఆరు తరగతులుగా రాయాలని నిర్ణయించారు. మొదటిది పైన చెప్పిన చాలని పరీక్ష. రెండవది కాన్సరు కాదనేది, ఆరవది కాన్సరే అనేది. 2023 ముద్రణలోని సగటు లెక్కల ప్రకారం రెండవ తరగతిలో నూటికి 4 గడ్డలు, ఆరవ దానిలో 97 గడ్డలు కాన్సరుగా తేలాయి. ఈ లెక్కలు ఆపరేషను చేసి చూసిన గడ్డలవి. చేయనివాటిని కూడా కలిపితే రెండవ తరగతిలో పొరపాటు ఇంకా తక్కువే. అయినా స్కానింగులో గడ్డ అనుమానంగా కనిపిస్తే, సూది మంచి మాట చెప్పినా మళ్ళీ పరీక్షించాలి. అయిదవది గట్టి అనుమానం, దానిలో 74.

చిక్కంతా మూడు, నాలుగు తరగతులలో ఉంది. వాటిలో కాన్సరు నూటికి 22, 30. నాలుగవ దానిలో ఫాలిక్యులర్ అనే రకం గడ్డలు వస్తాయి. అవి కాన్సరా కాదా అన్నది కణాల రూపంలో తెలియదు. గడ్డ చుట్టూ ఉన్న పొరను గాని, రక్తనాళాలను గాని ఆ కణాలు చీల్చుకొని పోయాయా అన్నదానిలో తెలుస్తుంది. సలాలా దారిలో అమ్మే బొప్పాయిపండు గుజ్జును గొట్టంతో పీల్చి, తొక్క ఎక్కడ చిట్లిందో చెప్పగలమా? అందుకే అటువంటప్పుడు తరచు గ్రంథిలో ఒక పక్క తీసి చూడమంటారు. జన్యుపరీక్షలు వచ్చాయి గాని అందరికీ అందే ఖరీదు కాదు.

సూది గుచ్చితే కాన్సరు పాకుతుందని మనవారిలో ఒక మాట ఉంది. థైరాయిడ్ విషయంలో అలా జరగడం అత్యంత అరుదు. ఆ భయంతో పరీక్ష మానుకోవడం తగదు.

డాక్టరుగారిని అడగవలసినది "మంచిదా, చెడ్డదా" అని కాదు, ఏ తరగతి అని. సందేహం ఉంటే మరొక నిపుణుని చేత చదివించవచ్చును. అందుకు మళ్ళీ సూది అక్కరలేదు, ఆ గాజుపలకలే చాలు. సెలవుకు ఇంటికి వెళ్ళేవారు వాటిని అడిగి తీసుకొని, పగలకుండా అట్టపెట్టెలో పెట్టి, స్కానింగు కాగితాలతో పాటు చేతిసంచిలో ఉంచుకోవచ్చును.