మోతియా ఆపరేషన్: 20 నిమిషాల పని, నెల రోజుల జాగ్రత్త

ఇంట్లో అమ్మీకో అబ్బాకో మోతియా (శుక్లం) వచ్చిందని డాక్టర్ చెప్పగానే, "ఇంకా ముదరనీ, చలికాలంలో చేయిద్దాం" అనడం చాలా ఇళ్లలో మామూలు. అది పాత రోజుల మాట. బాగా ముదిరితే శుక్లం గట్టిపడి ఆపరేషనే కష్టమవుతుంది. చూపు మసకై పనులకు అడ్డొస్తుంటే ఇక ఆగనక్కర్లేదు.

ఆపరేషన్ సాధారణంగా 15-20 నిమిషాలే. చుక్కల మందుతోనో ఇంజెక్షన్‌తోనో కంటికి మత్తిచ్చి, చిన్న కోత నుంచి మసకబారిన లెన్సు తీసేసి కృత్రిమ లెన్సు పెడతారు. చాలామంది అదేరోజు ఇంటికొచ్చేస్తారు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ముందే అదుపులో పెట్టుకోవాలి.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాకే. ఒకట్రెండు రోజులు కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, నీరు కారడం, కాస్త మసక మామూలే. కన్ను నలపకూడదు, నీళ్లు తగలనివ్వకూడదు. మరి వుజూ, సజ్దా? చూపు తేటపడగానే రెండోరోజే ముఖం మీద నీళ్లు చల్లుకునే పెద్దలు ఉంటారు. నీళ్లు ఎన్నాళ్లు తగలకూడదో, ఎన్నాళ్లు వంగకూడదో డాక్టర్‌ను ఆపరేషన్‌కు ముందే అడగాలి. ఆ మాట పట్టుకుని వుజూ, కుర్చీలో నమాజు సంగతి ఇమామ్ సాబ్‌తో మాట్లాడుకోవచ్చు.

చుక్కల మందు సాధారణంగా నెలకు పైనే వేయాలి. బాగుందని మధ్యలో మానేయొద్దు. ఖుర్‌ఆన్, పేపర్ చదవడానికి చాలామందికి మళ్లీ అద్దాలు కావాలి, వాటి కొలత మాత్రం కన్ను కుదుటపడ్డాకే. నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా, మెరుపులు కనిపించినా ఇచ్చిన తేదీ దాకా ఆగకూడదు. రాత్రయినా సరే, అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.